కింది నుంచి చూసిన ఫ్యాక్టరీ

సోమవారం పొద్దున జ్ఞానప్రకాశం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి యజమాని చంద్రకాంత్ వస్తాడు. ఆయనకు కంప్యూటర్‌లో ఒక బొమ్మను నడిపించి చూపించాలి. ఆయన తల ఊపుతాడు. ఆపైన లీలమ్మతో కలిసి సైకిల్ షెడ్డు కింద కూర్చుని అన్నం తినాలి. దేశాలు ఏలేవాళ్లు కూడా ఇంతకన్నా పెద్ద పథకాలు వేసుకుని గట్టెక్కుతూనే ఉన్నారు కాబట్టి, ఇది నెరవేరకపోవడానికి కారణమేదీ అతనికి కనిపించలేదు.

జ్ఞానప్రకాశం కర్దనూర్‌లో తలనొప్పి బామ్ తయారు చేసే ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి. అతని భార్య లీలమ్మ అక్కడే ప్యాకింగ్ సూపర్‌వైజర్. పెళ్లయిన కొత్తలో చాలా ఏళ్లు అతనికి రాత్రి షిఫ్టు, ఆమెకు పగటి షిఫ్టు. అతను గేటులోంచి బయటికి వస్తుంటే ఆమె లోపలికి వెళ్లేది. వాళ్ల కాపురమంటే గేటు దగ్గర ఇంటి తాళంచెవి చేతులు మారడమే. అలాంటి రోజుల్లో కూడా కూతురు సిల్వియా పుట్టిందంటే అది కేవలం దేవుని కృప అని చర్చిలో అందరూ ఒప్పుకున్నారు. తరువాత ఎప్పటికో ఇద్దరికీ పగటి షిఫ్టు దొరికింది. అప్పటినుంచి పటాన్‌చెరు నుంచి ఒకే స్కూటరు మీద వస్తున్నారు, ఒకే స్కూటరు మీద పోతున్నారు. దారంతా ఆమె అతని డ్రైవింగును తిడుతుంది. ఆ తిట్లు వినబడని రోజున స్కూటరు నడపడం తన వల్ల కాదని జ్ఞానప్రకాశానికి తెలుసు.

ఇప్పుడు చంద్రకాంత్ గుమ్మడిదలలో కొత్త షెడ్డు కట్టించాడు. ప్యాకింగును మొత్తంగా అక్కడికి పంపించాలని ఆయన ఆలోచన. అయితే ఆయన ఆధునికుడు. ఏ పనైనా ముందు కంప్యూటర్‌లో చూసుకుని గానీ చేయడు. అందుకోసం ఖరీదైన సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కొన్నాడు, తనుశ్రీ అనే ఇంజనీరును పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఫ్యాక్టరీ మొత్తాన్నీ తెర మీద బొమ్మగా కట్టింది. గేటు, సంపు, బాయిలరు, బెల్టులు, నీలం చొక్కాల చిన్న చిన్న మనుషులు, అన్నీ. గుమ్మడిదల షెడ్డును కూడా అసలు దూరం కొలిచి మరీ పెట్టింది. బొమ్మను నడిపిస్తే తేలిందేమిటంటే, ప్యాకింగు కర్దనూర్‌లోనే ఉంటే సరుకు ఎక్కువ వెళుతుంది. గుమ్మడిదలకు పంపితే లారీ కోసం ఎదురుచూడటంతోనే పొద్దు గడుస్తుంది. ఈ సంగతి విన్నరోజు జ్ఞానప్రకాశం తనుశ్రీకి మిర్చి బజ్జీలు తెప్పించాడు.

తీరా చూపించే రోజున తనుశ్రీకి బొంతపల్లి వీరభద్రస్వామి గుడిలో అన్న కొడుకు పుట్టెంట్రుకలు వచ్చిపడ్డాయి. శనివారమే ఆమె అతనికి అంతా చెప్పి వెళ్లింది.

"సర్, ఈ పచ్చ త్రికోణం ఒక్కటి నొక్కండి. బొమ్మ దానంతటదే నడుస్తది. పైన వరుసగా గుర్తులున్నయ్ చూడండి, అది టూల్‌బార్. దాన్ని మాత్రం ముట్టకండి."

"అమ్మా, నేను ఎక్సెల్ నేర్సుకున్ననాటికి నువ్వింక పుట్టలే."

"అందుకే చెప్తున్న సర్," అంది తనుశ్రీ.

సోమవారం పదింటికి జ్ఞానప్రకాశం కంప్యూటర్ తెరిచాడు. బొమ్మ వచ్చింది. చక్కగానే ఉంది. ఒక్కటే లోపం, ఫ్యాక్టరీ దక్షిణం వైపు నుంచి కనబడుతోంది.

చంద్రకాంత్ ఆధునికుడే గానీ వాస్తు దగ్గర కాదు. ఆయన దేన్నీ దక్షిణం వైపు నుంచి మొదట చూడడు. ఒకసారి సొంత బావమరిది పెళ్లికి వెళ్లి, ఫంక్షన్ హాలు గేటు దక్షిణాన ఉందని, వెనక వంటవాళ్ల దారిన దూరి, పులిహోర గంగాళాల మధ్య నుంచి నడిచివచ్చి అక్షింతలు వేసిన మనిషి. ఆయన దగ్గర పనిచేసి పనిచేసి, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే జ్ఞానప్రకాశానికి కూడా ఎనిమిది దిక్కులూ, వాటి ఇష్టాయిష్టాలూ కంఠతా వచ్చేశాయి. నీళ్లు ఈశాన్యాన ఉండాలి. నిప్పు ఆగ్నేయాన ఉండాలి. బయటికి పోవలసిన సరుకు వాయవ్యాన ఉంటే జల్దీగా పోతుంది, నైరుతిలో ఉంటే కదలదు. అసలు ఫ్యాక్టరీ అచ్చంగా ఇలాగే ఉంది. అందుకని, బొమ్మను కాస్త తూర్పు గేటు వైపు తిప్పితే చాలునని అతను అనుకున్నాడు. కాస్తే కదా.

టూల్‌బార్‌లో చెయ్యి గుర్తు ఉంది. చెయ్యి అంటే తిప్పేదే అనుకుని దాన్ని నొక్కి లాగాడు. ఫ్యాక్టరీ తిరగలేదు. ఎత్తిన విస్తరిలా పక్కకు జారి తెర దాటి వెళ్లిపోయింది. వెనక్కి రప్పిద్దామని భూతద్దం గుర్తు నొక్కి మౌసు చక్రం తిప్పాడు. ఎక్కడినుంచో ఒక నీలం చొక్కా మనిషి మీదికి దూసుకొచ్చాడు. ముందు చొక్కా, తరువాత గుండీ, ఆ తరువాత గుండీ లోపలి చీకటి. జ్ఞానప్రకాశం ఆ మనిషి కడుపులో కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

అన్నింటినీ ఒకేసారి చూపించే గుర్తు ఒకటి ఉంటుందని విన్నాడు. అది దొరికింది, నొక్కాడు. మాట ప్రకారం అది అన్నింటినీ చూపించింది. తెర నిండా బూడిదరంగు మైదానం. ఈ చివర ఒక చుక్క, కర్దనూర్. ఆ చివర ఇంకో చుక్క, గుమ్మడిదల. మధ్యలో ఏమీ లేదు. జ్ఞానప్రకాశం చాలాసేపు ఆ రెండు చుక్కలనూ చూస్తూ ఉండిపోయాడు. ఈ చుక్కలో తను అన్నం గిన్నె తెరుస్తాడు, ఆ చుక్కలో లీలమ్మ. ఇంత స్పష్టంగా ఏ పాస్టరు గారి ప్రసంగం కూడా అతనికి విరహాన్ని చూపించలేదు.

వెంటనే తనుశ్రీకి ఫోను చేశాడు. అటువైపు డోళ్లు, ఒక పసివాడి ఆర్తనాదం.

"సర్, ఏమన్నా ముట్టిండ్రా?"

"నేనెందుకు ముడతనమ్మా! ఊకనే అడుగుతున్న. ఒకవేళ ఎవరన్నా ముడితే ఏం చెయ్యాలె?"

"మూలకు చిన్న డబ్బా బొమ్మ ఉంటది సర్. దానికి ఆరు ముఖాలుంటయ్. పై ముఖం నొక్కితే..." అన్నంతలో మంగలి కత్తి పసివాడి నెత్తిని తాకినట్టుంది. ఆ కేకకు ఫోను కూడా తట్టుకోలేక తెగిపోయింది.

డబ్బా దొరికింది. దాని ముఖాల మీద రాసిన అక్షరాలు వాలి, తలకిందులై, చీమ తలంత ఉన్నాయి. కళ్లజోడు లీలమ్మ సంచిలో ఉంది. వెతికి వెతికి ఒక ముఖం నొక్కాడు. తెరంతా బూడిదరంగు పలక అయింది. ఫ్యాక్టరీ కప్పు అడ్డొచ్చింది కాబోలనుకుని, కన్ను గుర్తు నొక్కాడు. కప్పులు, గోడలు, నేల అన్నీ గాజులాగా మారి, గీతలు మాత్రం మిగిలాయి. లోపలిదంతా కనబడింది. ఏ దిక్కు నుంచీ కాకుండా, సాక్షాత్తూ ఆకాశం నుంచి చూసినట్టుంది. దక్షిణం గొడవే లేదు. మనుషుల తలలే ఎందుకో రెండేసి, కోలకోలగా ఉన్నాయి. టోపీలనుకున్నాడు.

అతను నొక్కింది పై ముఖం కాదు, కింది ముఖం. ఇప్పుడు తెర మీద ఉన్నది ఆకాశంలోంచి చూసిన ఫ్యాక్టరీ కాదు, ఫ్యాక్టరీ కింద పాతిపెట్టిన మనిషికి కనబడే ఫ్యాక్టరీ. రాసిన కాగితాన్ని తలకిందులు చేసి వెలుతురుకు పట్టుకుని వెనక నుంచి చదివితే ఎలా ఉంటుందో అలా, ఉత్తరంలో ఉన్నవన్నీ దక్షిణానికి, దక్షిణంలో ఉన్నవన్నీ ఉత్తరానికి వెళ్లి కూర్చున్నాయి.

సరిగ్గా అప్పుడే చంద్రకాంత్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, తెరను తాకి కళ్లకద్దుకుని, దాని వంక చూశాడు. పటంలో పైన ఉండేది ఉత్తరమని బడిలో నేర్చుకున్న ఆ ఒక్క పాఠం ఆయనకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏంది ప్రకాశం గిది? నీళ్ల సంపు ఆగ్నేయంల ఉన్నదేంది?"

జ్ఞానప్రకాశం తెర చూశాడు. తరువాత కిటికీలోంచి చూశాడు. సంపు ఎప్పటిలాగే ఈశాన్యాన, దాని మీద ఎప్పటిలాగే ఒక కాకి.

"బాయిలరు ఈశాన్యంల! దేవుని మూలల నిప్పు వెట్టినమా మనం? ఇగ ప్యాకింగు... నైరుతిలనా?" చంద్రకాంత్ లేచి నిలబడ్డాడు. "నేనూ అనుకుంటనే ఉన్న! దసరా కాడికెల్లి సరుకు కదుల్తలేదంటే ఎందుకు కదుల్తలేదు? నైరుతిలవెట్టి కూసున్నంక ఎట్ల కదుల్తది?"

"సార్, జెర కిటికీలకెల్లి సూడుండ్రి. సంపు గీడనే..."

"కిటికీ ఎవరు చేసిండ్రు? మన సదాశివపేట వడ్లాయన. కంప్యూటరు ఎవరు చేసిండ్రు? ఎంత ఖరీదు వెట్టి కొన్నం? నువ్వు దీన్ని ఏమన్నా ముట్టినవా?"

ఒక్క మాట. ముట్టాను అంటే సరిపోతుంది. కానీ ముట్టాను అంటే ఈ బొమ్మే తప్పు అంటారు. బొమ్మ తప్పయితే అది తేల్చిన లెక్కా తప్పు. ప్యాకింగు కర్దనూర్‌లో ఉంటేనే లాభమన్నది ఆ లెక్కే.

"లే సార్. ఆ పిల్ల వెట్టినట్టే ఉన్నది," అన్నాడు జ్ఞానప్రకాశం, ఎంతో నిజాయితీగా.

"అయితే ఆలోచన్నే లేదు. రేపటికెల్లి ప్యాకింగు గుమ్మడిదలకు."

జ్ఞానప్రకాశం కాళ్లకింద నేల కూడా గాజులాగా మారిపోయింది. "వద్దు సార్! గంత దూరమెందుకు? గీ షెడ్డులనే జరుపుత. నైరుతికెల్లి వాయవ్యానికి. గంటల అయిపోతది!"

చంద్రకాంత్ ఆలోచించాడు. తెరను ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "సరే. నేను నాగయ్య సిద్ధాంతిని పిలిపిస్త. ఆయన వచ్చే వరకు జరిపి ఉంచు. ఈ గోడ కాడికెల్లి ఆ గోడ కాడికి," అంటూ ఫొటోలో వేలు పెట్టి చూపించాడు.

ఫొటో ప్రకారం ప్యాకింగు వాయవ్యానికి రావాలంటే, నిజంగా వాయవ్యంలోనే ఉన్న ప్యాకింగును తీసుకెళ్లి నైరుతిలో పెట్టాలి. జ్ఞానప్రకాశం తన ఉద్యోగ జీవితంలో ఒక తప్పును ఇంత శ్రద్ధగా, ఇంత తొందరగా చేయబోవడం అదే మొదలు.

"టేబుళ్లు లేపుండ్రి," అన్నాడు ప్యాకింగు దగ్గరికి వెళ్లి.

లీలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "సిల్వియా డాడీ, మీకేమన్న పానం బాగలేదా? బెల్టు చివర ఈడ ఉన్నది. టేబుళ్లు ఆడ వెడితే డబ్బీలు ఎగిరొస్తయా?"

"లీలా, నీకు దండం వెడత. దక్షిణం గోడ కాడికన్న వో. లేకపోతే గుమ్మడిదలకు వోవాల్సొస్తది."

లీలమ్మ కొంగు బిగించి టేబులు ఒక చివర తానే ఎత్తింది. రెండో చివర జ్ఞానప్రకాశం ఎత్తాడు. వెనక ఇందిరమ్మ, మిగతా ఆడవాళ్లు అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచారు. బీహారు కూలీలు నలుగురు కుర్చీలు ఎత్తుకుని, "కిధర్ రఖ్నా హై సాబ్?" అని, ఎక్కడ దించాలో అడుగుతూ వాళ్ల చుట్టూ తిరిగారు. ఫ్యాక్టరీ మొత్తం ఇల్లు మారుతున్న సంసారంలా అయింది.

ఈ హడావుడిలో ఎవరికీ గుర్తురాని సంగతి ఒకటుంది. బామ్ నింపే మెషిన్ ఆగలేదు. దాన్ని ఆపమని చెప్పవలసిన ఇన్‌ఛార్జి రెండు చేతులతో టేబులు మోస్తున్నాడు. డబ్బీలు బెల్టు మీద వరుసగా, బుద్ధిమంతుల్లా వచ్చాయి. వాటికి మూతలు బిగించేది ప్యాకింగు టేబుళ్ల దగ్గరే. టేబుళ్లు లేవు. బెల్టు చివరకు వచ్చిన డబ్బీ ఒక్క క్షణం ఆగి చూసినట్టుగా వంగి, బోర్లా పడేది. దాని మీద ఇంకోటి. కర్పూరం, పుదీనా పువ్వు కలిసిన ఆ ఘాటు ముందు నేలమీద పాకి, తరువాత గాలిలోకి లేచి, షెడ్డంతా నిండింది.

ఆ సమయానికే చంద్రకాంత్ నాగయ్య సిద్ధాంతిని వెంటబెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఇరవై మంది ఆడవాళ్లు టేబుళ్ల పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. ముక్కులు చీదుతున్నారు. బీహారు కూలీలు కూడా వెక్కుతున్నారు. అందరికన్నా ఎక్కువగా జ్ఞానప్రకాశం.

చంద్రకాంత్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎందుకేడుస్తుండ్రు గిట్ల? గుమ్మడిదల సంగతి తెలిసిందా వీళ్లకు?"

"ఏడుపు గాదు సార్, గా బామ్..." అని ఇందిరమ్మ మొదలుపెట్టగానే లీలమ్మ ఆమె కాలు గట్టిగా తొక్కింది. ఇందిరమ్మకు అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏం చెప్పాలె సార్," అంది లీలమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పెండ్లయినంక అత్తగారింట్ల కన్న ఈ గోడల నడుమనే ఎక్కువ బతికినం. ఈ షెడ్డు ఇడిసి పొమ్మంటే పానం ఒప్పుతలేదు."

చంద్రకాంత్ గొంతులో ఏదో అడ్డుపడింది. ముక్కు మండింది. రెండు కళ్ల నుంచీ ధారగా నీళ్లు కారాయి. జీతాలు పెంచమన్నప్పుడు గానీ, మరుగుదొడ్డి బాగుచేయించమన్నప్పుడు గానీ ఎన్నడూ చలించని ఆ మనిషికి, తనకూ ఒక హృదయం ఉందని ఆ రోజే తెలిసింది. ఆ సంగతి ఆయన్నే చాలా ఆశ్చర్యపరిచింది.

"ఏడువకుండ్రి. నేనేం రాయిని గాను," అన్నాడు జేబురుమాలు వెతుక్కుంటూ.

నాగయ్య సిద్ధాంతి వీటన్నింటికీ దూరంగా, దిక్సూచి పట్టుకుని, కళ్లు నులుముకుంటూ మండిపడుతున్నాడు. "ప్యాకింగు నైరుతిల వెట్టిన మహానుభావుడెవడు? నేను వాయవ్యంల గదా వెట్టిచ్చింది!"

చంద్రకాంత్ ఫొటో చూపించాడు. సిద్ధాంతి దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశాడు. యజమాని తప్పు అంటే రేపటినుంచి సంభావన ఉండదు. దిక్సూచి తప్పు అంటే తనకే పని ఉండదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"యంత్రం చూపు వేరు, భూమి చూపు వేరు. రెండూ సత్యమే. దోషం ఏడున్నదంటే, ఈ రెండు చూపుల నడుమ ఉన్నది. ప్యాకింగు మళ్ల యథాస్థానానికి పోవాలె. పోతెపోతె నిమ్మకాయలు తొక్కుకుంట పోవాలె."

టేబుళ్లు మళ్లీ లేచాయి. నిమ్మకాయలు తొక్కుకుంటూ, వాటితోపాటు బామ్ కూడా తొక్కుకుంటూ, జారుకుంటూ, అందరూ వాయవ్యానికి తిరుగు ప్రయాణం చేశారు. మెషిన్‌ను ఆపాలని జ్ఞానప్రకాశానికి గుర్తొచ్చేసరికి, అది తన దగ్గరున్న బామ్ అంతా అయిపోయి తానే ఆగింది.

మధ్యాహ్నానికి తనుశ్రీ లడ్డూ ప్రసాదంతో వచ్చింది. తెర వంక చూసి నవ్వు ఆపుకుంది. జ్ఞానప్రకాశం చేతులు జోడించినంత పని చేశాడు.

"సర్," అంది ఆమె చిన్న గొంతుతో, "అవి తలలు గావు. బూట్ల అడుగులు. మీరు ఫ్యాక్టరీని నేల కింద నుంచి చూపిచ్చిండ్రు."

"మెల్లగ మాట్లాడమ్మా, నీకు పుణ్యముంటది!"

ఆమె డబ్బా బొమ్మ మీద పై ముఖం ఒక్కసారి నొక్కింది. ఫ్యాక్టరీ గిర్రున తిరిగి సర్దుకుంది. సంపు ఈశాన్యానికి, బాయిలరు ఆగ్నేయానికి, ప్యాకింగు వాయవ్యానికి వచ్చి కూర్చున్నాయి. అప్పుడే నిమ్మకాయల పని ముగించుకుని చంద్రకాంత్ గదిలోకి వచ్చాడు. తెర చూసి బిత్తరపోయాడు.

"మారింది! ప్రకాశం, సూసినవా, మారింది! మనం ఆడ జరిపినం, ఈడ సరయింది. సంపును ఎవ్వరూ ముట్టకుండనే అది కూడా జరిగింది. గట్లుంటది వాస్తు అంటే!" పచ్చ త్రికోణం తానే నొక్కాడు. చిన్న నీలం చొక్కాలు కదిలాయి, పెట్టెలు బయటికి పోయాయి. ఆయన తల ఊపాడు. "ప్యాకింగు ఈడనే ఉంటది. ఖాయం."

జ్ఞానప్రకాశం పొద్దుటినుంచి మొదటిసారిగా ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు.

"ఇగ నువ్వు," అన్నాడు చంద్రకాంత్, అతని భుజం మీద చెయ్యేసి. "ఒక్క పూటల దోషం పట్టినవు, డిపార్ట్‌మెంటు మొత్తం లేపినవు, మళ్ల దించినవు. నీ చెయ్యి మంచిది. గుమ్మడిదల షెడ్డు ఖాళీగ ఉన్నది. ఏ మెషిన్ ఏడ వెట్టాలె, ఏ మూలకు ఏముండాలె, అంతా నువ్వే సూడాలె. వచ్చే సోమవారం కాడికెల్లి నువ్వు ఆడనే."

"సార్, అసలు ఆ బొమ్మను నేను..." అని జ్ఞానప్రకాశం నోరు తెరిచాడు.

"ఊ, నువ్వు?"

తలుపు దగ్గర లీలమ్మ నిలబడి ఉంది. జుట్టంతా రేగి, చేతులకు బామ్, పాదాలకు నిమ్మరసం. నిజం చెబితే ఆమె గుమ్మడిదలకు పోవాలి. చెప్పకపోతే తను పోవాలి.

"నేను... సంతోషంగ పోత సార్."

"కండ్లల్ల నీళ్లెందుకు మరి?"

"బామ్ సార్."

చంద్రకాంత్ ఒక లడ్డూ తీసుకుని వెళ్లిపోయాడు. తనుశ్రీ కంప్యూటర్ వంక చాలా శ్రద్ధగా చూడసాగింది. లీలమ్మ దగ్గరికి వచ్చి, కొంగుతో భర్త మొహం తుడిచింది. ఆమె గొంతు కూడా సరిగా లేదు గానీ, తిట్టడానికి సరిపోయింది.

"ఆడికి వోయినంకనన్న ఏం ముట్టకుండ్రి, సిల్వియా డాడీ."

పొద్దుటినుంచి అంత ఎత్తి అంత దించినా, ఆ ఫ్యాక్టరీలో చివరికి చోటు మారింది జ్ఞానప్రకాశం ఒక్కడే.